అరవై నాలుగా? నలభై ఐదా?

సాయంత్రం ఐదింటిలోగా పరశురాం ఒక మాట తేల్చి చెప్పాలి. ఎదురుగా రెండు దుర్భిణులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ మీట నొక్కితే దూరం కొలిచి అంకె చూపించేవే. కొనేది ఒకటే. తప్పుడుది కొంటే పది రోజుల తర్వాత ప్రాణం మీదికి వచ్చేది కొన్నవాడికి కాదు, పరశురాంకి.

అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, బూ జాసిం ఏటా పర్మిట్ తీసుకుని కిర్గిజ్ కొండల్లో అడవిమేకల వేటకు వెళ్తాడు. వంటకూ సామాన్ల మోతకూ కంపెనీ మనిషినొకణ్ణి వెంట తీసుకుపోతాడు. నిరుడు వెళ్లింది మల్లేష్. బూ జాసిం పేల్చిన గుండు మేక వీపును గీరుకుంటూ పోయింది. నెత్తురోడుతూ అది లోయలోకి దిగింది. దెబ్బతిన్న జంతువును అలా వదిలేసి రావడం వేటగాడికి తలవంపు. బూ జాసింకు మోకాళ్ల నొప్పులు, అందుకని మల్లేష్ దిగాడు. కాలి కింద రాయి జారింది. కఫీల్ ఇచ్చి పంపిన దుర్భిణి మెడలోనే పగిలింది, తొడ ఎముక రెండు ముక్కలైంది. మల్లేష్ ఈనాటికీ కంపెనీ క్యాంపులో కర్ర పట్టుకునే నడుస్తున్నాడు.

ఈ ఏడు వంతు పరశురాంది.

రానని చెప్పొచ్చు. అప్పుడు ఇంకొకడు వెళ్తాడు, ఆ లోయలోకి వాడు దిగుతాడు. పైగా పద్నాలుగేళ్లు ఈ బహ్రెయిన్ ఎండలో సర్వే మిషను ముందు కొలత కర్ర పట్టుకుని నిలబడ్డాక, ఒక్కసారి మంచు చూడాలని అతనికీ ఉంది. వెళ్లాలి, రెండు కాళ్లతో తిరిగి రావాలి. అంతే.

"మిషన్లు నీకు అలవాటే కదా. రెండూ చూసి ఏది మంచిదో చెప్పు," అన్నాడు బూ జాసిం. అన్నాడే గానీ అతని మనసు అప్పుడే పెద్దదాని మీద పడింది.

రెండింటినీ పట్టుకొచ్చినవాడు వేట సామాన్ల షాపులో సేల్స్‌మన్ ఉబైద్. మెట్‌పల్లివాడు. పొద్దున్నే ఇద్దరూ హిద్‌లో సముద్రపు ఒడ్డుకు పోయారు.

"అరే పరశురాం భాయ్, పెద్దదాంట్ల సూడు! పడవ మీద కూసున్న పిట్ట ముక్కు గూడ కనవడ్తది. చిన్నది పోరగాండ్ల ఆట సామాన్. నీ కఫీల్ ఇజ్జత్‌కు పెద్దదే లాయఖ్."

"ఇజ్జత్‌కా, నీ కమీషన్‌కా?"

"రెండిటికి! అబద్ధమెందుకు ఆడాలె?"

పరశురాం పెద్దదాన్ని అందుకున్నాడు. ఆ ఒడ్డు రోడ్డు పక్కన దీపస్తంభాలకు గుర్తులు పెట్టింది అతనే. నలభై మీటర్లకొకటి. తాను నిలబడ్డ స్తంభం వదిలి పదోదాని మీద గురిపెట్టి మీట నొక్కాడు. పెద్దది నాలుగొందలంది. చిన్నదీ నాలుగొందలే అంది. దూరంగా లంగరేసిన ఓడ మీద గురిపెడితే, ఆ తేమలో కూడా పెద్దది పద్దెనిమిది వందలని చెప్పింది. చిన్నదాంట్లో గీతలు తప్ప అంకె రాలేదు.

"ఇగ సూసుడేముంది? పెద్దదని చెప్పు, బిల్లు రాస్త," అన్నాడు ఉబైద్.

చెప్పేద్దామనే అనుకున్నాడు పరశురాం. కానీ నిరుడు పగిలిన దుర్భిణి కూడా మంచి ఖరీదైనదే. అది చెప్పిన దూరానికే తుపాకి సరిచేసి కాల్చానని, తూటాలే నాసిరకమని బూ జాసిం ఏడాదిగా తిడుతున్నాడు. అక్కడేదో ముల్లు మిగిలిపోయింది. పరశురాం మల్లేష్‌కు ఫోన్ కొట్టాడు.

"మల్లన్నా, నిరుడు ఆ మేక ఎంత దూరం ఉండె?"

"రెండొందల ఎనభై. కఫీల్ బైనాక్యులర్ల సూసి సదివిండు, నేను ఇన్న."

"ఎదురుంగ ఉండెనా? కిందనా, మీదనా?"

"కింద. బండ మీద బోర్ల వండుకొని, బాయిల తొంగిసూసినట్టు సూస్కుంట కాల్చిండు. గిప్పుడెందుకే గీ ముచ్చట?"

తర్వాత చెప్తానని పరశురాం ఫోన్ పెట్టేశాడు. అతనికి మీనా సల్మాన్ రేవులోని గోదాము గుర్తొచ్చింది. కొలువులో చేరిన మొదటి ఏడు, లారీలు ఎక్కే వాలు మీద టేపును వాలు వెంబడే నేలకానించి పరిచి స్తంభాలకు గుర్తులు పెట్టాడు. వాలు పొడుగు కూడా దూరంలో కలిసిపోయి గుర్తులు తప్పాయి. పోసిన కాంక్రీటు పగలగొట్టిస్తూ, టేపు మట్టంగా పట్టాలిరా అని ఇంజనీరు నలుగురిలో తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

"ఉబైదూ, ఏటవాలుగ సూస్తె మట్టం దూరం సెప్పేది వీటిల్ల ఏది?"

ఉబైద్ చిన్నదాని పుస్తకం తిరగేశాడు. నాలుగో పేజీలో ఆగాడు. "చిన్నదాంట్ల ఉన్నది భాయ్. పెద్దదాంట్ల లేదు. గుండును భూమి గుంజేది మట్టం దూరం లెక్కననట, ఈడ రాసిండ్రు."

"నాకు ముందే ఎందుకు సెప్పలే?"

"గుట్టలేడున్నయ్ బహ్రెయిన్ల? ఇన్నేండ్లల్ల ఒక్కడు అడగలే. నేను ఆ పేజీ తెరవలే."

ఐదింటికి బూ జాసిం బుసైతీన్‌లో కడుతున్న తన బిల్డింగు దగ్గర కారు దిగాడు. "యల్లా, తేల్చు, పెద్దదే కదా?" అన్నాడు హిందీలో.

"పైకి రండి అర్బాబ్. రెండు నిమిషాలు."

పరశురాం అతన్ని లిఫ్టులో పదమూడో అంతస్తుకు తీసుకెళ్లి, ఇంకా గోడ కట్టని అంచున ఇనప కడ్డీ పట్టుకోమన్నాడు. కింద ఇసుకలో ఎర్ర డ్రమ్ము ఉంది. పక్కన ఉబైద్ టేపు కొస పట్టుకుని నిలబడ్డాడు. బిల్డింగు మొదలు నుంచి డ్రమ్ము దాకా టేపు బిగించి ఉంది.

"పెద్దదాంతో డ్రమ్మును కొలవండి."

"అరవై నాలుగు."

పరశురాం ఫోను స్పీకర్లో పెట్టాడు. "టేపు ఎంతంటున్నది ఉబైదూ?"

"నలభై అయిదు. ఎవరన్న వచ్చి సూస్కోండ్రి."

బూ జాసిం కనుబొమలు ముడిపడ్డాయి. "అంత ఖరీదు పెడితే తప్పు చెబుతుందా?"

"తప్పు కాదు అర్బాబ్. ఇక్కణ్ణుంచి తాడు కడితే అరవై నాలుగే. కానీ గుండు కిందికి వంగేది మట్టం దూరం లెక్కన. నిరుడు మీరు చదివింది రెండొందల ఎనభై. వాలు ఇలాగే ఉంటే, గుండు లెక్కలో అది రెండొందలే. మీరు ఎనభై మీటర్లు ఎక్కువకు సరిచేశారు, గుండు జానెడు పైనుంచి పోయింది." చిన్నది అందించాడు. "ఇప్పుడు దీంట్లో చూడండి."

మీట నొక్కగానే అరవై నాలుగు వచ్చింది. దాని కింద ఇంకో అంకె, నలభై ఐదు.

బూ జాసిం మళ్లీ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. దుర్భిణి దించి ఉత్త కళ్లతో డ్రమ్మును చూశాడు.

"తూటాల కంపెనీని తిట్టాను," అన్నాడు చివరికి. "మల్లేష్‌ను కూడా తిట్టాను, జాగ్రత్తగా దిగలేదని."

అతను చిన్నదాన్ని మళ్లీ కంటికి పెట్టుకున్నాడు.

"కానీ ఇది మసకగా ఉంది. నా తమ్ముడు దీన్ని చూస్తే నవ్వుతాడు."

"నవ్వనివ్వండి. దీంతో ఓడ కనబడదు, నిజమే. కొండల్లో ఓడలుండవు కదా."

బూ జాసిం మీసంలో నవ్వు కదిలింది. "ఖలాస్. చిన్నదే."

ఫోనులో ఉబైద్ నిట్టూర్పు వినిపించింది.

పని అయిపోయినట్టే. కానీ పరశురాం దారి ఇవ్వలేదు. అడగాల్సింది అడిగి తీరాలి.

"ఇంకో మాట అర్బాబ్. ఇది నా మెడలోనే ఉంటుంది. కింది అంకె నేను చదువుతాను. అంకె రాకపోయినా, మూడొందలు దాటినా మీరు పేల్చకూడదు. అయినా మేకకు దెబ్బ తగిలి లోయలోకి పోతే, తాళ్లున్న కొండమనుషులు దిగాలి. నేను దిగను. సరేనంటేనే వస్తాను."

"కఫీల్ నువ్వా, నేనా?"

"మీరే. అందుకే మీతోనే చెబుతున్నాను."

కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఒకటి హారన్ కొడుతూ పోయింది. బూ జాసిం అతన్ని పక్కకు జరిపి లిఫ్టు వైపు నడిచాడు. సగం దారిలో ఆగి ఫోను తీశాడు. కిర్గిజ్ గైడు పలకగానే ఇంగ్లీషులో, పరశురాంకు వినిపించేంత గట్టిగా అన్నాడు:

"ఈసారి తాళ్లతో దిగేవాళ్లు ఇద్దరు కావాలి. అవును, ఇద్దరు. నా మనిషి పైనే ఉంటాడు."