పొడుగుకాళ్ళ మామయ్య

మాది కామర్స్ క్లాసు. లెక్క తేడా వస్తే అన్నం సయించని బాపతు. అలాంటి మాకు వారానికో గంట జంతువుల పాఠం తగిలించారు. చెప్పడానికి వచ్చిన మేడం పుస్తకమే తెరవలేదు.

"పులులూ ఏనుగులూ మీకు తెలుసు. మీ ఇంట్లో అద్దె కట్టకుండా కాపురముంటున్న వాళ్ళలో ఒకరికి పేరు పెట్టి, వారం రోజులు చూడండి. ఒక్కరోజు క్లాసుకు తెచ్చి పరిచయం చెయ్యండి. మళ్ళీ వదిలేద్దాం," అన్నారు.

మా బాత్రూం తలుపు వెనక సాలీడు ఉంది. చిన్న ఒళ్ళు, దారాల్లాంటి కాళ్ళు. పొడుగుకాళ్ళ మామయ్య అని పేరు పెట్టాను. "నాకు లేని తమ్ముణ్ణి తెచ్చి బాత్రూంలో పెట్టావు," అని అమ్మ గొణిగింది. వేలు దగ్గరికి తెస్తే మామయ్య గూడుతో సహా ఊగిపోయేవాడు. నిజం చెప్పొద్దూ, వాడంటే ప్రేమ పుట్టింది.

అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఎంత గడుసు బేరగాళ్ళనైనా మాటతో కట్టిపడేస్తుంది గానీ, సాలీడు కనిపిస్తే పైప్రాణాలు పైనే పోతాయి. అందుకే బూజుకర్ర పట్టుకుని కళ్ళు మూసుకుని దులుపుతుంది. అలవాటు చొప్పున ఆ రోజూ దులిపేసింది, మామయ్య మాయం. తెల్లారితే నేను మామయ్యను క్లాసుకు తీసుకెళ్ళాలి.

"నీకు ఇల్లు శుభ్రంగా ఉంటే చాలు, నేనక్కర్లేదు," అన్నాను. అనకూడని మాట. అమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి వెళ్ళి పడుకుంది.

పొద్దున వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసు, దానిమీద సాసరు, సాసరు మీద ఇస్త్రీపెట్టె. అమ్మ ఆమడ దూరంలో నిలబడి ఉంది.

"దొరికాడు. తీసుకెళ్ళు."

సాసరు కాస్త పక్కకు జరిపి చూశాను. పొట్టి కాళ్ళు, బొద్దు ఒళ్ళు, ముందుకు రెండు పెద్ద కళ్ళు. టపీమని గెంతాడు. మామయ్య కాదు. కానీ ఆ ఇస్త్రీపెట్టె, ఆ ఆమడ దూరం చూశాక ఆ మాట నోటికి రాలేదు.

"వీడేనమ్మా," అన్నాను.

క్లాసులో మాత్రం నిజం చెప్పేశాను. "మా ఇంట్లో ఒక్క సాలీడే అనుకున్నాను. రెండు రకాలున్నాయి. ఒకడు గూడు కట్టి కూర్చునే తింటాడు. వీడు గూడు కట్టడు, గెంతి వేటాడతాడు. వీణ్ణి మా అమ్మ పట్టింది. ఆవిడకు సాలీడంటే చచ్చేంత భయం." ఎవరూ నవ్వలేదు. మేడం గ్లాసు అందుకుని చాలాసేపు చూశారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఎలా ఉన్నాడే? రాత్రికి రాత్రి కాళ్ళు కురచైపోయాయి. నా కర్ర తగిలే అలా అయ్యాడేమోనని పొద్దుటినుంచీ ఒకటే బాధగా ఉంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "వీడు వేరే రకం అమ్మా. నీ వల్ల ఏమీ కాలేదు."

"అయితే మా తమ్ముడేడీ?"

గెంతేవాణ్ణి కిటికీ దగ్గర వదిలి ఇల్లంతా వెతికాం. అమ్మ నా చెయ్యి వదలకుండా వెనకే వచ్చింది. చివరికి కనిపించాడు. కుట్టుమిషనుకు సరిగ్గా పైన, గది మూలలో, కొత్త గూట్లో. ఒక కాలు తక్కువ. మమ్మల్ని చూసి ఊగాడు.

అమ్మ తలెత్తి చూసింది. బూజుకర్ర అడగలేదు. మిషనును రెండు చేతులతో పక్కకు జరిపింది.

"తన దారం తనది, నా దారం నాది అని మీ మామయ్యకు చెప్పు," అంది.