తొట్టెలకు ముందు పాట

టిఫిన్ డబ్బా మూత కోసం ఆ పొద్దున రుక్కమ్మకూ కొడుకు తిరుపతికీ మాటామాటా పెరిగింది. మూత కోసం ఆమె గదంతా వెతికి బయటికొచ్చి చూస్తే, తిరుపతి అందులో నీళ్లు పోసుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"పచ్చి బాలింతకు కూడు కొంటవోయే డబ్బారా అది! ఇంట్ల ఇంకో గిన్నె దొరకలేదా నీకు?"

"కడిగిస్త తియ్యే అమ్మా. మూతకు గింత లొల్లా?"

"సబ్బు వాసన కడిగితే పోతదా? చారు తాగుతదా, సబ్బునీళ్లు తాగుతదా నీ పెండ్లాం?"

"ఆమె కడుపుల పోసిన దానికన్నా సబ్బునీళ్లే నయం," అన్నాడు తిరుపతి. అని, కత్తి పక్కన పెట్టి మూత కడగడానికి లేచాడు.

వాళ్లు మెదక్ దిక్కు నుంచి వచ్చి మూడేళ్లయింది. శేరిలింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. మాదాపూర్‌లో లేస్తున్న గుండ్రటి మేడకు తిరుపతి సెంట్రింగ్ పని చేస్తాడు. కోడలు సుగుణ ఏడో నెల దాకా అక్కడే కాంక్రీటు తట్టలు మోసింది. సాయంత్రం పని దిగాక అత్తాకోడళ్లిద్దరూ కల్లు దుకాణంలో చెరో సీసా తాగేవాళ్లు. కడుపుతో ఉన్నదానికి కల్లు చలవ అని రుక్కమ్మకు ఆమె అత్త చెప్పింది. ఊళ్లో అది తాటిచెట్టు నుంచి దిగిన కల్లు. ఇక్కడ సీసాలో వచ్చేది నిద్రమందు పొడి కలిపిన తెల్లనీళ్లని రుక్కమ్మకు తెలియదు. ఒక్క పూట తాగకపోతే సుగుణ చేతులు వణికేవి. తట్టలు మోసి నరాలు పట్టేశాయనుకుని, ఇంకో అరసీసా రుక్కమ్మే తాగించేది.

ఆడపిల్ల పుట్టింది. మూడో రోజుకు ఒళ్లంతా వణకడం మొదలైంది. సన్నగా, చెవిలో సూది దించినట్టు ఏడుపు. రొమ్ము నోటికందితే బిగుసుకుపోయేది. తల్లి ఏం తీసుకుంటుందని డాక్టరమ్మ అడిగితే, "ఏం లేదమ్మా, కల్లే," అంది రుక్కమ్మ. ఆ కల్లులో కలిపే మందే పిల్లకూ ఎక్కిందని చెప్పి, డాక్టరమ్మ పిల్లకు చుక్కల మందూ, తల్లికి ఆ అలవాటు మెల్లగా మాన్పించే మందూ రాసింది.

మూత కోసం గొడవైన ఆ రోజు, పిల్ల పుట్టిన తొమ్మిదో నాడు, రుక్కమ్మ డబ్బాతో దవాఖానకు చేరేసరికి పిల్ల మంచం పక్క కిటికీకి పరదా దించి ఉంది. శారదమ్మ అనే నర్సు ఎదురొచ్చింది. ఆమెది గుంటూరు వైపు.

"అమ్మా, పాట వింటే పిల్ల కాస్త కుదుటపడుతుందని డాక్టరమ్మగారు చెప్పారండి. నిన్న టేపు పెట్టి చూశాం. వాద్యాలు మోగేసరికి ఇంకా బిగుసుకుంది. మనిషి గొంతయితే మేలు. మీరు లాలి పాడండి."

"లాలి అనరాదు బిడ్డా. ఇరవయ్యొకటో నాడు తొట్టెల చేసి ఉయ్యాలల ఏసినంకనే మా ఇండ్ల లాలి పాడుతరు. ఇంక పన్నెండు దినాలున్నయి."

"పుట్టినప్పటి బరువు కూడా లేదండి ఇప్పుడు. పాలు తాగకపోతే పన్నెండు రోజులు ఎలా ఆగుతాం?"

"అత్తమ్మా, నేను పాడ్త," అంది సుగుణ.

"నువ్వు ఊకో!"

రుక్కమ్మ తన మొదటి బిడ్డకు తొమ్మిదో రోజున లాలి పాడింది. పదో రోజున ఆ బిడ్డ లేదు. ఆ సంగతి ఆమె తిరుపతికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో వద్దన్నది లాలిని. నాటు పాటను ఎవరూ వద్దనలేదు.

"నాట్లేసేటప్పటి పాట నడుస్తదా?"

"ఏదైనా సరేనండి. ఒకే తీరుగా సాగాలి, అంతే."

రుక్కమ్మ పిల్లను గుడ్డలో బిగువుగా చుట్టి ఒళ్లోకి తీసుకుని పాట ఎత్తుకుంది. నాటు పాట ఈ గట్టు మీది వాళ్లది ఆ గట్టుకు వినబడాలి. అలవాటు కొద్దీ అంత గొంతూ విప్పింది. పిల్ల ఉలిక్కిపడి కీచుమంది. పక్క మంచం బాలింత లేచి కూర్చుంది.

"నాటు వెయ్యవొస్తరనుకుంటున్నవా అత్తమ్మా, కూలోళ్లు?" అంది సుగుణ. దవాఖానకొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

రుక్కమ్మ మాటలు వదిలేసి రాగం మాత్రం ఉంచుకుంది. బురదలోంచి కాలు తీసి వెనక్కి వేసే నడక వేగంతో వీపు మీద తట్టింది. నారు కట్ట ఒకటి అయిపోయేంతసేపు, మళ్లీ ఇంకో కట్ట. నాలుగో కట్టకు పిల్ల పిడికిళ్లు వదులయ్యాయి. సుగుణ రొమ్ముకిస్తే పట్టుకుంది. శారదమ్మ గడియారం చూసి, "ఏడు నిమిషాలు తాగిందండి," అని కాగితం మీద రాసుకుంది.

మర్నాడు మళ్లీ వణికింది. రుక్కమ్మ రోజూ పాలకు ముందు పాడింది. చుక్కల మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. వారం తిరిగేసరికి పిల్ల బరువు పుంజుకుంది. ఆ వారమంతా రుక్కమ్మ ఇంటికి పోతూ దారిలో కల్లు దుకాణం దగ్గర దిగుతూనే ఉంది. ఒకరోజు బస్సు ఆలస్యమై ఆమె చేరేసరికి దుకాణం మూసేశారు. మర్నాడు పొద్దున పిల్లను ఎత్తుకుంటే వణుకు ఆగలేదు. పిల్లను సుగుణకిచ్చాక చూసుకుంది. వణికేవి తన చేతులే.

ఆదివారం మధ్యాహ్నానికి తల్లీబిడ్డా ఇల్లు చేరారు. ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. తిరుపతి తొట్టెల ముచ్చట ఎత్తాడు.

"మామ వాళ్లంతా వస్తరు. రెండు పెట్టెల కల్లు చెప్పొస్త. సుగుణకు పొయ్యం తీ."

"ఒక్క సీసా గూడ రావద్దు," అంది రుక్కమ్మ.

"కల్లు లేని తొట్టెలనా? నవ్వుతరే అమ్మా!"

"నవ్వనీ. రేపు పొద్దుగాల నేను దవాఖానకు పోతున్న. సుగుణకిచ్చిన మందే నాకూ ఇయ్యమని అడుగుత."

"నీకేమైందే?"

"సుగుణకు పోసిందే నేనూ తాగిన. అది మానేదాకా పిల్లను నేనెత్తుకోను. తొట్టెల నాడు లాలి సుగుణనే పాడుతది."