ఒంటి మీద కుట్టు

మా చెల్లెలు వకుళ పొద్దుటి నుంచి దారంగా ఊడిపోతోంది. కుడి భుజం దగ్గర మొదలైంది. ఇప్పటికి మోచెయ్యి దాకా వచ్చింది.

తొందర తనది, సూది నాది. కాకినాడ బస్సుకి పరుగెడుతూ గుమ్మం దాటబోతుంటే జాకెట్టు భుజం దగ్గర పిగిలింది. విప్పి ఇమ్మంటే టైము లేదంది. ఒంటి మీదున్న బట్టకి సూది పెట్టకూడదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అయినా పెట్టాను. కుట్టు వేసి, దారం పంటితో కొరికాను. కొస నా పళ్ళ మధ్యే ఉండిపోయింది. వకుళ నడిచింది. నడిచినంత మేరా ఊడింది.

"ఏంటక్కా ఇది? బస్సు పోద్ది," అంటుంది తను, లేని చేతి వైపు చూసుకుంటూ.

"నొప్పిగా ఉందా?"

"లేదు. చలిగా ఉంది."

అమ్మ వంటింట్లోంచి వచ్చి నేల మీద పడ్డ దారం చూస్తుంది. వంగి వేలితో తాకుతుంది. కంగారు పడదు.

"ఒంటి మీద కుట్టేవా?"

"కుట్టానమ్మా."

"ఇంకేం చేస్తాం? గుడ్డ మీదకి ఎక్కించెయ్యి. దారం వెచ్చగా ఉండగానే అయిపోవాలి. చల్లారితే ఉత్త దారమే. ఇక పిల్ల తిరిగి రాదు."

అంత మాట చెప్పి, పప్పు మాడుతోందని వెళ్ళిపోతుంది. ఒడిలో ఎంబ్రాయిడరీ రింగు పెట్టుకుని తెల్ల గుడ్డ బిగిస్తాను.

ఊళ్ళో నా కుట్టుకి పేరుంది. నిజానికి ఆ పేరు డిజైన్ల పుస్తకానిది. కార్బన్ కాగితం పెట్టి దించిన గీత దాటి నా సూది ఏనాడూ పక్కకి పోలేదు. నెమలి అంటే నాకు పుస్తకంలో నెమలే. "నీ నెమళ్ళన్నీ ఒకే బళ్ళో చదువుకున్నట్టుంటాయక్కా," అని వకుళ వెక్కిరిస్తుంది. ఇప్పుడు నా ముందు గీత లేదు. తెల్లటి గుడ్డ ఉంది, చేతిలో చెల్లెలుంది.

ముందు పాదాలు వేస్తాను. వేళ్ళకి కాడకుట్టు, పట్టీలకి ముడికుట్టు. చీర కుచ్చిళ్ళ దగ్గర దారం తనంతట తనే నీలం రంగుకి తిరుగుతుంది. జడకి గొలుసుకుట్టు మొదలుపెట్టగానే నల్లబడుతుంది. రింగు నా ఒడిలోంచి పెరిగి మంచమంత అవుతుంది. పట్టుకోవడానికి వీలుగానే ఉంది.

కుట్టినకొద్దీ అటు వకుళ తరిగిపోతోంది. చివరికి తల ఒక్కటే మిగిలి పీట మీద కూర్చుంటుంది. నోరు మాత్రం ఊరుకోదు.

"మొహం పుస్తకంలోంచి దించకక్కా."

"నాకు బొమ్మ వెయ్యడం రాదే."

"నా మొహం ఎప్పుడూ చూళ్ళేదేంటి? చూసిందే కుట్టు."

"చూడ్డం వేరు, చేతికి తెలియడం వేరు."

"మరి ఇన్నేళ్ళూ ఏం చూశావ్? నాకు నా మొహమే కావాలి. వేరేదేదన్నా పెట్టావంటే..."

అక్కడ పెదవులు ఊడిపోతాయి. కళ్ళు ఇంకొంచెంసేపు నన్ను చూసి అవీ ఊడిపోతాయి.

నా చేతిలో దారం గోరువెచ్చగా మారింది. కళ్ళు మూసుకుంటాను. పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదా, కుడి బుగ్గ మీదా? ముక్కు చివర కాస్త కిందికి ఉంటుందా? రోజూ ఒకే కంచంలో తినే పిల్ల. ఏమీ గుర్తు రావడం లేదు. దారం చల్లారిపోతోంది. కార్బన్ కాగితం తీసి, పుస్తకంలో కుండ ఎత్తుకున్న అమ్మాయి మొహం దించేస్తాను. దాని మీద కుట్టేస్తాను. చెయ్యి ఒక్కసారి కూడా తడబడదు.

అమ్మ వచ్చి చూస్తుంది. కుట్టు తెలిసిన వాళ్ళంతా చూసినట్టే ముందు గుడ్డ తిరగేసి వెనకపక్క చూస్తుంది.

"వెనక కూడా శుభ్రంగా ఉంది. అసలుకన్నా బాగుందే కస్తూరీ."

గుడ్డ మీది అమ్మాయి పుస్తకంలోని నవ్వే నవ్వుతుంది. "అమ్మా, కాఫీ పెట్టనా? అక్కా, నువ్వు అలిసిపోయావు, కాళ్ళు పట్టనా?"

వకుళ పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాఫీ పెట్టింది లేదు. అమ్మ మురిసిపోతూ గ్లాసులు కడగడానికి వెళ్తుంది. ఆ మొహం నన్ను చూసి ఇంకా నవ్వుతూనే ఉంది, రెప్ప వెయ్యకుండా. నా చెల్లెల్ని నేనే పూడ్చిపెట్టినట్టుంది.

కత్తెర మొనతో ఆ మొహం విప్పేస్తాను. విప్పిన దారం పీచుపీచుగా చల్లగా రాలిపోతుంది. ఇక వకుళలో మొహానికి దారం లేదు.

నాలో ఉంది. కనుబొమ మీద గోటితో గీకితే కొస దొరుకుతుంది. లాగి సూదికి ఎక్కిస్తాను. వెచ్చగా, సరిగ్గా తన రంగులోనే ఉంది.

అప్పుడు తెలుస్తుంది. నాకు వకుళ ఊరికే ఉన్నప్పటి మొహం తెలియదు, పోట్లాడేటప్పటి మొహం తెలుసు. కుడి కనుబొమ పైకి లేస్తుంది. ముక్కు పుటాలు అదురుతాయి. ఎడమ పక్క పన్ను పెదవి మీదకి వస్తుంది. ఆ పన్నుకి కాస్త పైనే పుట్టుమచ్చ. చెయ్యి తనే వెళ్తోంది. కుట్లు వంకర పోతున్నాయి, వెనకపక్క దారాలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. జన్మలో ఇంత ఇష్టంగా ఎప్పుడూ కుట్టలేదు. ఇంత భయంగా కూడా.

తన కళ్ళు పూర్తయ్యేసరికి నాకు చీకటి పడుతుంది. పెదవులు తడుముతూ కుట్టి ముడి వేస్తాను. నా మొహం మీద చెయ్యి పెట్టుకుంటే చదునుగా, మెత్తగా ఉంది. చెవులు పక్కకి ఉంటాయి కాబట్టి మిగిలాయి.

"బస్సు పోయింది కదా!" అని గుడ్డ మీంచి దభీమని లేచిన చప్పుడు. అదే గొంతు, అదే కోపం. నా చెల్లెలు వచ్చేసింది. ఏడవాలనిపిస్తుంది, ఎక్కణ్ణుంచి ఏడవాలో తెలియదు.

"అక్కా, ఎక్కడున్నావ్?" తన చెయ్యి నా భుజానికి తగిలి వెనక్కి పోతుంది. "ఎవరండీ మీరు?"

అమ్మ అడుగులు దగ్గరికి వస్తాయి. నా మొహం ఉన్న చోట వేళ్ళతో నలిపి చూస్తుంది. "ఇది కొత్త గుడ్డే. ఇంకా ఏం కుట్టలేదు. గంజి పోవాలి."

నన్ను బకెట్టులో ముంచి, పిండి, డాబా మీదకి తీసుకెళ్ళి దండెం మీద వేస్తుంది. భుజాలకి క్లిప్పులు పెడుతుంది. చుట్టూ ఇంకా చాలామంది ఆరుతున్న చప్పుడు, డాబా తర్వాత డాబా, ఊరి చివరి దాకా. పక్కనున్నావిడ కాస్త జరిగి నాకు చోటిస్తుంది. తగిలిన వేలి చివర సూది గుచ్చుకుని గట్టిపడ్డ చర్మం ఉంది.

వకుళ మెట్లెక్కి వస్తుంది. ఒక్కొక్కరి ముందూ ఆగుతుంది.

"మా అక్కని చూశారాండీ?"

నా ముందుకి వస్తుంది. ఊపిరి తగులుతోంది.

"మా అక్కని చూశారాండీ?"

నా నోరు తన దగ్గరే ఉంది. తను ముందుకి కదిలిపోతుంది. చివరి దండెం దాకా వెళ్ళి, గొంతు చించుకుని అరుస్తుంది.

"అక్కా!"

గాలి లేదు. దండేల మీదున్న వాళ్ళమందరం ఒక్కసారిగా తన వైపు తిరుగుతాం.