డ్రమ్ములో వేడినీళ్లు

మా అత్త హనుమమ్మ కళ్ల ముందు చెంబెడు నీళ్లు వృథా పోకూడదు. కోడుమూరు పక్క పల్లెలో బిందె నీళ్ల కోసం ఎండలో నడిచి నడిచి పెరిగిన మనిషి. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు. నేను కాస్త ధారాళంగా వాడితే నోటితో ఏమీ అనదు, కొళాయి వైపు ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపుకే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆయన కేశవ ఇంటి వెనక షెడ్డులో అల్యూమినియం పోత పోస్తాడు. మోటారు మూతలు, గేట్ల మీద పువ్వులు, ఎవరు ఏది అడిగితే అది. ఆ మధ్య మా నాయన కోసం ఒక పలక పోశాడు. ఆ పలక కోసమే ఇంట్లో ఇంత రభస జరిగింది.

మా నాయన ఓబుళేశు ఎమ్మిగనూరులో చీరలు నేసేవాడు. పక్షవాతం వచ్చి కుడికాలు చచ్చుబడ్డాక, మగ్గంతో సహా మా ఇంటికి తెచ్చుకున్నాం. ముందు గదిలో గుంట తవ్వించి మగ్గం దించాం. కానీ అంచులో పువ్వులు లేపే జకార్డు పెట్టె బరువంతా కాలితో తొక్కే పలక మీదే పడుతుంది. పాత కొయ్య పలకను ఆ కాలు కదిలించలేకపోయింది. కేశవ పొడుగాటి ఇనుప పలక చేసిపెట్టాడు. తొక్కితే దిగింది గానీ, దాని బరువుకి తిరిగి పైకి లేవలేదు. అల్యూమినియంతో పోస్తే చక్కగా దిగింది, లేచింది, నాలుగు రోజులు తిరక్కుండానే వంగిపోయింది. మా నాయనకు విసుగొచ్చింది. మగ్గం తీసుకుపొమ్మని ఎమ్మిగనూరులో పాత మగ్గాలు కొనే ఈరేష్‌కి ఫోన్ చేసేశాడు. ఈరేష్ శుక్రవారం సాయంత్రం బండి తెస్తానన్నాడు. మగ్గం గడప దాటితే మా నాయన ఇక తినడానికీ పడుకోవడానికీ తప్ప లేవడని నాకు తెలుసు.

పోసింది పోసినట్టు వాడితే మెత్తగానే ఉంటుందని, ఈసారి దాన్ని కాచి గట్టిపరుస్తానని కేశవ అన్నాడు. కరగడానికి కాస్త ముందు వరకూ తీసుకెళ్లి, కరగనివ్వకుండా, రాత్రంతా కరెంటు కొలిమిలో ఉంచాలట. తీసిన మరుక్షణం వేడినీళ్లలో ముంచాలట. ఆ తర్వాత సన్నటి సెగలో మళ్లీ కొన్ని గంటలు పెట్టాలట. చన్నీళ్లలో వేస్తే అంత పొడుగు పలక మెలితిరిగిపోతుందట, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు పోయాలట. ఇన్ని సేవలు పెళ్లానికి ఎప్పుడైనా చేశావా అని అడిగితే నవ్వి తప్పించుకున్నాడు.

శుక్రవారం తెల్లారి, మూడు రాళ్ల మీద డ్రమ్ము పెట్టి, పత్తికట్టె మంటతో నీళ్లు కాచాడు. వేలు పెట్టి చూసుకుని కొలిమి తెరవడానికి లోపలికి పోయాడు. పట్టకారుతో పలకను బయటికి లాగి, పరుగున తెచ్చి డ్రమ్ములో ముంచాడు. తీసి చూస్తే అది కొడవలిలా వంగి ఉంది. కేశవ డ్రమ్ములో చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

స్నానాల గది గుమ్మంలో రెండు బకెట్ల నిండా పొగలు కక్కే నీళ్లు. వాటి పక్కన చెంబుతో మా అత్త. ఆ నీళ్లు తోడుకుని, డ్రమ్ము వెలితిని తొట్టి నీళ్లతో నింపింది ఆమే.

"కాలినదాన్ని చల్లార్చడానికే గదా, చన్నీళ్లయితే ఏమిలే అనుకుంటిని" అంది. "అన్న కాలికి పోసుకోను పనికొస్తాయని తీసినా." మా నాయన్నే ఆమె అన్న అంటుంది.

నాకు నోరు ఆగలేదు. నీ పొదుపుతో మా నాయన మగ్గాన్ని పొట్టన పెట్టుకున్నావన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె చెంబు కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది.

నా అరుపులకు మా నాయన గోడ పట్టుకుని బయటికొచ్చాడు. కాలికి నీళ్లు పోసుకోవడానికి పంచె మోకాలి పైకి ఎగ్గట్టుకుని ఉన్నాడు.

"రోజూ ఈ నీళ్లు నువ్వు పెడతాండావనుకుంటి, పాపా" అన్నాడు.

నేను ఒక్కరోజు కూడా పెట్టలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా నాయన పలక వైపు చూసి, మళ్లీ పోయాలంటే ఎంతసేపు పడుతుందని అల్లుణ్ణి అడిగాడు. సాయంత్రానికి కాదన్నాడు కేశవ. పలకను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు.

"మామా, ఇది ఇప్పుడు శానా మెత్తగా ఉండాది. నీళ్లలోంచి తీసినాక కొంచెంసేపు ఇట్లే ఉంటాది, చెప్పినట్టు వింటాది. ఆలస్యమైతే మొండికేస్తాది."

మా నాయన నన్ను దారం తెమ్మన్నాడు. ఒక కొస తాను పట్టుకుని, రెండోది మెట్టు మీద కూర్చున్న మా అత్త వైపు చాపాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు.

"ఈ కొస పట్టుకో, చెల్లెమ్మా."

పలక మీద దారం బిగించారు. దారానికీ పలకకూ మధ్య ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ మా నాయన వేలు పెట్టేవాడు. కేశవ తవుడు మూట మీద పలక ఉంచి, కొయ్య సుత్తితో మెల్లగా కొట్టేవాడు. మళ్లీ దారం, మళ్లీ సుత్తి. తెగిపోతుందేమోనని మా అత్త దారాన్ని వదులుగా పట్టుకుంది.

"గట్టిగా పట్టు. తెగితే ఇంకోటి ఉండాది" అన్నాడు మా నాయన.

ఎండ షెడ్డులోకి వచ్చేసరికి వెలుతురు ఎక్కడా కనిపించలేదు. కేశవ పలకను సన్నటి సెగలో పెట్టాడు. నేను కాఫీ కలిపి మా అత్త పక్కన పెట్టాను. ఆమె తాగి, గ్లాసు తొలిచి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసింది.

సాయంత్రం ఈరేష్ మోకులతో వచ్చేసరికి మా నాయన గుంటలో కూర్చుని ఉన్నాడు. కుడికాలు పలక మీద పెట్టి తొక్కాడు. పలక దిగింది. పైన పోగులు లేచాయి. కాలు తీశాడు, పలక దానంతటదే పైకొచ్చింది. మళ్లీ తొక్కాడు. ఈరేష్ వైపు చూడకుండానే, కాఫీ తాగి పొమ్మన్నాడు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు నేనే ముందు లేచి నీళ్లు కాచాను. ఒక బకెట్ మా నాయన కాలికి పెట్టాను. ఇంకో బకెట్ మా అత్త ముందు పెట్టి, మోకాళ్ల మీద పోసుకోమన్నాను.

"నాకెందుకమ్మా ఇన్ని నీళ్లు" అంది.

కానీ చెంబు తర్వాత చెంబు, బకెట్ అడుగు కనిపించేదాకా పోసుకుంది.