కంచె దాటిన దారం

శ్మశానాల పిచ్చి పట్టిన మనిషి శ్మశానంలో అడుగు పెట్టకపోవడం ఎక్కడైనా ఉంటుందా? హిర్ష్ కేగన్ విషయంలో ఉంది. ఫార్గోలో మందుల కొట్టు అమ్మేసిన దగ్గర్నుంచీ ఆయన కూతురు టోబాను వెంటేసుకుని నార్త్ డకోటా పొలాల్లో పడి తిరుగుతున్నాడు. ఒకప్పుడు రష్యా నుంచి వచ్చి, సర్కారు ఇచ్చిన నేల దున్నుకుని, కరువుకి తట్టుకోలేక మూటాముల్లె సర్దుకుపోయిన యూదులు తమ చనిపోయినవాళ్ళని మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళారు. ఆ సమాధులు వెతికి, రాళ్ళ మీది పేర్లు చదివి, పటం గీసి కౌంటీ ఆఫీసులో ఇవ్వడం తండ్రీకూతుళ్ళ పని. అయితే హిర్ష్‌ది కోహెన్ వంశం, పూర్వం గుడిలో పూజలు చేసినవాళ్ళ వంశం. అందులో పుట్టిన మగవాడికి సమాధుల మైల తగలకూడదు. కన్నవాళ్ళో, కడుపున పుట్టినవాళ్ళో, పెళ్ళికాని అక్కాచెల్లెళ్ళో పోతే మట్టి చేయడానికి వెళ్ళవచ్చు. ఆ ఒక్కరోజే. తర్వాత చూసి రావడానికి కూడా వీల్లేదు. ఆడవాళ్ళకి ఆ కట్టుబాటు లేదు గనుక లోపల తిరిగేది టోబా.

"ఇక నేను శ్మశానంలోకి వెళ్ళేది ఒక్కసారే," అనేవాడు హిర్ష్, ఎవరైనా ఆట పట్టిస్తే. "అప్పుడు కూడా నడిచి వెళ్ళను."

ఇలాంటి శ్మశానాలు కనిపెట్టడానికి ఆయనకొక సూత్రం ఉంది. చుట్టూ దున్నిన నేలలో ఒకచోట నాగలి పక్కకి తప్పుకుని పోయిందంటే అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టే. రైతన్నవాడు ఊరికే జానెడు నేల వదలడు. ఈ సూత్రం టోబాకి చిన్నప్పుడు నేర్చుకున్న ఎక్కాల్లా కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

ఎట్టకేలకు ఇప్పుడు దొరికిన ఈ శ్మశానం మాత్రం వాళ్ళ సొంతవాళ్ళది. హిర్ష్ చంకలో బిడ్డగా ఉన్నప్పుడు కేగన్ల కుటుంబం ఈ నేల వదిలి పోయింది. ఆయన పుట్టక ముందే ఆరేళ్ళ షిఫ్రా కంఠసర్పి జబ్బుతో పోయి ఇక్కడే మట్టిలో కలిసింది. తల్లి ఫ్రాడెల్ చివరి రోజుల్లో కొడుకు చెయ్యి పట్టుకుని, "మీ అక్కని ఒంటరిగా వదిలేసొచ్చాంరా. ఎక్కడుందో కనుక్కో," అంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం హిర్ష్ చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. ఊళ్ళోవాళ్ళ పేరు చెప్పి ఆయన ఎన్ని శ్మశానాలు వెతికినా, వెతుకుతున్నది ఆ ఒక్క పిల్లనే అని టోబాకి తెలుసు.

ఈ రోజుతో పని ముగిసిపోతుంది, షిఫ్రా మాత్రం దొరకలేదు.

హిర్ష్ ఎప్పటిలాగే కంచెకి తూర్పున, నాలుగడుగులు ఎడంగా, మడత స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రాళ్ళ ముఖాలన్నీ తూర్పుకే ఉంటాయి, అందుకని ఆ వైపు. మధ్యాహ్నం దాటాక అక్షరాల మీద నీడ పడితే, టోబా గోడ అద్దం ఒకటి పట్టుకుని పక్క నుంచి వెలుగు కొడుతుంది. అరిగిపోయిన అక్షరాలు నిద్ర లేచినట్టు పైకొస్తాయి. ఆయన దుర్భిణిలోంచి చూసి చదువుతాడు.

"కొంచెం ఎడమకి తిప్పవే. నా కళ్ళలోకి కొడుతున్నావు, నేనింకా రాయి కాలేదు."

"అయ్యాక ఇంత సణగవులే."

"ఆ... ఇది బెరిల్ కొడుకు లైజర్. ముసలాయన. తర్వాత?"

"తర్వాత లేదు నాన్నా. ఇదే ఆఖరుది."

హిర్ష్ దుర్భిణి దించాడు. ఆయన వెనక కాస్త దూరంలో నేల ఉన్నట్టుండి తెగిపోయి కంకర గుంట మొదలవుతుంది. లోతైనది. గాలి వీచినప్పుడల్లా అంచు నుంచి గులకరాళ్ళు జలజలా రాలుతున్నాయి. ఆ చప్పుడు టోబాకి పొద్దున్నుంచీ చిరాగ్గానే ఉంది.

"అన్నీ పెద్దవాళ్ళవే," అంది టోబా. "గమనించావా? మనం చూసిన శ్మశానాల్లో సగం మంది పసివాళ్ళే కదా. ఇక్కడ ఒక్క పిల్ల కూడా లేదు."

"మా అమ్మ పిల్లల వరసలో పెట్టామనేది."

"ఏదీ ఆ వరస?"

హిర్ష్ దుర్భిణి మళ్ళీ ఎత్తి రాళ్ళ మీదుగా తిప్పాడు. పిల్లలు చావని ఊరు ఆ రోజుల్లో ఈ నేల మీద ఎక్కడుంది?

అప్పుడే వెండెలిన్ వైస్ట్ ట్రక్కు వచ్చి ఆగింది. చుట్టుపక్కల నేలంతా అతనిదే. అతని తండ్రి కాలం నుంచీ ఈ శ్మశానంలో గడ్డి కోసేది ఆ ఇంటివాళ్ళే, పైసా అడక్కుండా. దొడ్డ మనసున్న మనిషి అని హిర్ష్ ఊరంతా చెప్పుకుంటాడు. వెండెలిన్ ఫ్లాస్కుతో, పళ్ళెంలో వాళ్ళావిడ చేసిన కూకెన్‌తో దిగాడు. మీగడా ఆలూబుఖారా పళ్ళూ వేసి కాల్చిన ఆ తీపి రొట్టె వాసన కమ్మగా ఉంది. మతం ఒప్పుకోదు గనుక హిర్ష్ ముట్టడు. తన కప్పు తీసి కాఫీ మాత్రం పోయించుకుంటాడు. ముట్టడని వెండెలిన్‌కీ తెలుసు, అయినా రోజూ తెస్తాడు.

"ఏం పెద్దాయనా, మీవాళ్ళందర్నీ లెక్క చూసుకున్నారా?" అన్నాడు వెండెలిన్. "ఇదిగో అమ్మాయ్, మళ్ళీ నా కంకర ఎత్తుకుపోతున్నావు. ఆ గుప్పెడు రాళ్ళకి బిల్లు వేస్తాను."

టోబా గుంట అంచున ఏరిన గులకరాళ్ళని సమాధుల మీద ఒక్కోటి పెడుతోంది. వచ్చివెళ్ళామని గుర్తుగా అలా పెట్టడం వాళ్ళ ఆచారం.

"బిల్లు వీళ్ళకే పంపండి, తీరుబడిగా ఉన్నారు," అంది.

అతను పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "సాయంత్రానికి తవ్వే యంత్రం వస్తోంది. రోడ్డు వాళ్ళకి కంకర కావాలట. గుంటని కంచె దాకా తెస్తాం. పటం రేపు ఇచ్చేస్తారుగా? పని మొదలెట్టేసినా మీ పటం చూసి ఆఫీసువాళ్ళు సరేనంటారు. కంచె వరకే అని గీసేయండి, మీకూ నాకూ గొడవుండదు."

"కంచె వరకే కదయ్యా ఉంది," అన్నాడు హిర్ష్.

"అదే నేనూ అంటున్నా."

వెండెలిన్ ట్రక్కు దగ్గరికి వెళ్ళి బంపర్‌కి చేరగిలబడ్డాడు. రోజూ పనుందని పోయేవాడు ఇవాళ ఎందుకు పోలేదో టోబాకి అర్థం కాలేదు.

ఆమె సంచిలోంచి తుప్పు పట్టిన కాఫీ డబ్బా తీసింది. అందులో ఫ్రాడెల్ దారం ఉంది, తెల్లటి నూలు వత్తిదారం, పెద్ద ఉండ. పాతకాలం ఆడవాళ్ళు శరత్కాలంలో పెద్ద పండుగలకి ముందు శ్మశానం చుట్టూ దారంతో కొలుస్తూ, ఏడుస్తూ, బతికున్నవాళ్ళ కోసం దేవుడికి సిఫారసు చేయమని చనిపోయినవాళ్ళతో మాట్లాడుతూ నడిచేవారు. మూల వచ్చినప్పుడల్లా ముడి వేసేవారు. ఆ దారమే వత్తిగా కొవ్వొత్తులు చేసి ప్రాయశ్చిత్తం రోజున వెలిగించేవారు. ఫ్రాడెల్ కొలిచిన ఆఖరి ఏడు కొవ్వొత్తి చేయనేలేదు, ఆ వారమే బండి కట్టారు. షిఫ్రా జాడ ఎలాగూ దొరకలేదు, కనీసం నాయనమ్మ దారంతో ఒకసారి చుట్టూ నడిచి, ఇంటికెళ్ళి ఒక దీపమైనా పెట్టాలని టోబా ఆశ. తండ్రికి ఓదార్పుగా ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

నైరుతి మూల గేటు స్తంభానికి దారం కొస కట్టి పడమటి కంచె వెంట నడిచింది. వాయవ్య స్తంభం దగ్గరికి చేరేసరికి ముడి సరిగ్గా వేలికి తగిలింది. అంగుళం అటూ ఇటూ లేదు. ఆ ముడి వేసిన చెయ్యి కూడా ఇక్కడే ఆగింది మరి.

"నాన్నా! నాయనమ్మ ముడి!" అని అరిచింది.

హిర్ష్ చెయ్యి ఊపాడు. ట్రక్కు దగ్గర వెండెలిన్ నిటారుగా నిలబడ్డాడు.

స్తంభానికి దారం తిప్పి ఉత్తరపు కంచె వెంట తూర్పుకి నడిచింది. మూల స్తంభం వచ్చింది, ముడి మాత్రం రాలేదు. ఎక్కడో పొరపాటుగా వదులు చేశానేమో అనుకుని వెనక్కి వెళ్ళి బిగించి లాగి చూసింది. దారం తీగలా ఉంది. మళ్ళీ మూలకి వచ్చింది. చేతిలో ఉండ అలాగే ఉంది, ముడి లేదు.

కంచె దాటి నడవక తప్పలేదు. కాళ్ళ కింద నున్నగా కోసిన గడ్డి. రోజూ దాని మీద తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మాత్రం అడుగు పడటం లేదు. కంచెకీ గుంటకీ మధ్య ఈ పట్టీలో ఎన్నడూ నాగలి దిగలేదు. వెండెలిన్ దీన్ని కూడా శ్మశానంతో సమంగా కోస్తాడు. నా బూట్లు తడవకుండా కోస్తున్నాడే పాపం అని నాన్న మురిసిపోయేవాడు. ఊరూరా తిరిగి పరాయి పొలాల్లో పట్టుకున్న నాగలి గుర్తు, సొంత మనుషుల దగ్గర తండ్రి స్టూలు కిందే ఉంటే ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

గుంట అంచుకి రెండడుగుల్లో ముడి వేలికి తగిలింది. నేలలో పుల్ల గుచ్చి దారం మళ్ళించింది. అక్కడి నుంచి దక్షిణానికి నడుస్తూంటే దారం హిర్ష్ వీపు వెనక నుంచి వెళ్ళింది.

నాన్న దారం లోపల ఉన్నాడు.

ఏం చెప్పాలి? తల్లి సమాధి మీద రాయి పెట్టిన రోజు కూడా ఈయన రోడ్డు మీద వానలో నిలబడి గేటులోంచి ప్రార్థన చదువుకున్నాడు. ఆసుపత్రిలో శవాల గది ఉన్న వైపు ఎన్నడూ నడవలేదు. అలాంటి మనిషి ఇన్ని రోజులుగా కూర్చుని గుడ్లు ఒలుచుకు తిన్నది, కునుకు తీసింది, సమాధుల మీద. చెప్తే తట్టుకుంటాడా అని భయం వేసింది. చెప్పకపోతే సాయంత్రానికి యంత్రం వస్తుంది.

"నాన్నా, లే. స్టూలు తియ్యి, రోడ్డు మీదకి పద."

"ఏమైందే?"

ఆమె దారం చూపించింది. హిర్ష్ మెడ తిప్పి వెనక ఉన్న దారాన్ని, దూరంగా పుల్లని, ఆ తర్వాత తన బూట్లని చూశాడు. లేవబోయి చేతులు మోకాళ్ళ మీద ఆనించాడు.

వెండెలిన్ గబగబా నడిచి వచ్చాడు. గొంతులో నవ్వు లేదు. "ఏమిటమ్మా ఈ దారాల గోల? పాత నూలు సాగుతుంది. దాన్ని పట్టుకుని నేల కొలుస్తారా ఎవరైనా?"

"పడమటి వైపు సాగలేదండీ. తూర్పుకి వచ్చేసరికే సాగిందా?"

"చూడు, నేను మీకు ఎంత చేశాను? ఎండనక వాననక గడ్డి కోశాను. మా నాన్న కంచె జరిపితే జరిపాడు, ఆ రోజుల్లో అడిగే నాథుడు లేడు. రాయి ఉన్న సమాధి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పెద్దవాళ్ళనెవర్నీ కదపలేదు. ఇక్కడున్నవి చెక్క గుర్తులు, ఎప్పుడో పుచ్చిపోయాయి." అతను గడ్డి వైపు చెయ్యి విసిరాడు. "ఇక్కడున్నది పిల్లలేగా!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి ఆలస్యంగా తెలిసింది. దూరంగా రోడ్డు మీద బరువైన ఇంజను మోత మొదలైంది.

టోబాకి కోపం ముంచుకొచ్చింది. అయినా ఆ మనిషిని వదిలేసి తండ్రి చెయ్యి పట్టుకుంది. "లే నాన్నా. నువ్విక్కడ ఉండకూడదు. నేను చూసుకుంటా, నువ్వు రోడ్డు మీదకి పో."

హిర్ష్ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు.

"మా అక్కకి పెళ్ళయిందా?"

"ఏమిటీ?"

"షిఫ్రాకి పెళ్ళి కాలేదు కదే. పెళ్ళికాని అక్కకి మట్టి చేయడానికి నేను రావచ్చు." ఆయన గొంతు నెమ్మదిగా ఉంది. "అమ్మానాన్నా వేసిన మట్టి ఇవాళ వీడు తీసేస్తానంటున్నాడు. మళ్ళీ వేసేవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన లేచాడు. స్టూలు మడిచి చంకన పెట్టుకున్నాడు. వెండెలిన్ ఊపిరి వదిలి, దారి ఇవ్వడానికి పక్కకి జరిగాడు. హిర్ష్ రోడ్డు వైపు తిరగలేదు. గుంట అంచుకి నడిచి, దారానికి కాస్త లోపలగా, గుంటకి ఎదురుగా స్టూలు వేసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వు దారం పూర్తి చెయ్యి," అన్నాడు కూతురితో. "ఆ తర్వాత పటం గియ్యి."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నడిచింది. ఆగ్నేయపు ముడి, అక్కడి నుంచి పడమరకి తిరిగి కంచె, కంచె వెంట గేటు. దారం చివరి కొస గేటు స్తంభాన్ని తాకి అయిపోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు.

పసుపురంగు యంత్రం మలుపు తిరిగి గుంటలోకి దిగుతోంది. నడిపేవాడు కిటికీలోంచి వెండెలిన్ వైపు చూసి, ఏం చేయమంటావన్నట్టు చెయ్యి తిప్పాడు. వెండెలిన్ జేబుల్లో చేతులు పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆపమని చెయ్యి ఎత్తలేదు. నడిపేవాడు దాన్ని సరేనని అర్థం చేసుకున్నాడు కాబోలు, యంత్రం అంచు కిందికి సాగింది. దాని తొట్టి పైకి లేచింది.

"నాన్నా!" అని అరుస్తూ టోబా గేటు దగ్గర్నుంచి పరుగెత్తింది.

నేల అదిరింది. అంచు నుంచి కంకర ధారగా జారిపోయింది, దానితో పాటు పుల్లా, దారం మూలా. హిర్ష్ స్టూలు ముందు కాళ్ళు కొంచెం కుంగాయి. ఆయన రెండు చేతులూ గడ్డి మీద ఆనించాడు, పిల్లని నిద్రపుచ్చుతూ వీపు మీద చెయ్యి వేసినట్టు.

"శ్మశానంలోకి ఒక్కసారే అన్నాను కదే," అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "వచ్చేశాను."