చీరపేలిక చుట్టిన ఉలి

“ఇంక చేసింది చాలుగానీ, కృష్ణా రామా అనుకుంటా ఓ మూల కూర్చోమే. నీకూ కళ్ళు మందగించినాయి.”

ఆయుధపూజ నాడు పొద్దున్నే పెరట్లో ఉలులన్నీ తోమి పసుపు రాస్తున్న ఓబమ్మతో మొగుడు సిద్ధయ్య అన్న మాట ఇది. ఈ ఏటితో పనిముట్లన్నీ కొడుకు కామయ్యకు అప్పగిస్తాడట.

“అన్నీనా?” అంది ఓబమ్మ.

“అన్నీ.”

ఆమె చేతిలో చీరపేలిక చుట్టిన చిన్న ఉలి ఉంది. దాన్ని గుప్పిట్లో దాచుకుంది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళలో ఉలి మగవాళ్ళది, గరుకాకుతో నున్నగా రుద్దడం ఆడవాళ్ళది. ఆ రుద్దుడుకు కూలీ లేదు, పేరూ లేదు. సరే, లోకరీతి అనుకుందాం. కానీ సిద్ధయ్య కళ్ళకు పొరలు కమ్మి, గరిటె కాడల మీద పూలూ లతలూ వంకర్లు పోతుంటే వాటిని చెక్కింది ఎవరు? కొడుకు కలప కోసం కొండెక్కినప్పుడల్లా, వంటింటి వెనక మసక చీకట్లో కూర్చుని ఈ చిన్న ఉలితో ఓబమ్మే చెక్కింది. “ఎవురికీ చెప్పబాకు, నా పరువు పోతాది” అన్నాడు. చెప్పలేదు, పిచ్చిది! ఆత్మకూరు షావుకార్లు వచ్చి “చెయ్యంటే సిద్ధయ్యదే” అని మెచ్చుకుంటుంటే మజ్జిగ చెంబు పట్టుకుని తలుపు చాటున నిలబడేది. కడుపు మండేది, గర్వంగానూ ఉండేది. వండి వార్చడం ఎవరైనా చేస్తారనేవాళ్ళు. ఆ పూలు మాత్రం ఆమెవి. అవీ పోతే ఇంక పొద్దున్నే లేవడం దేనికి?

పూజలో ఆమె కళ్ళు హారతి మీద లేవు, ఉలి మీదే ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టాక కామయ్య పనిముట్లు ఒక్కొక్కటే కళ్ళకద్దుకుంటూ దాని దగ్గర ఆగాడు.

“ఇది ఎవురిది నాయనా? పేలిక చుట్టి ఉండాది.”

ఓబమ్మ మొగుడి వంక చూసింది. మీ అమ్మది అంటే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అడగదు.

సిద్ధయ్య గొంతు సవరించుకున్నాడు. “ఏదో పాతదిలేరా. పారెయ్.”

ఎంత మాట! ఓబమ్మ ముందుకొచ్చి, కొడుకు చేతిలోంచి ఉలి తీసుకుని మళ్ళీ పీట మీద పెట్టింది. పూజ నాడు ఉలిని పనిలో పెట్టకూడదు కదా, ఆగింది.

మర్నాడు దశమి. సిద్ధయ్య లేచి వచ్చేసరికి ఓబమ్మ వీధరుగు మీద, అతను కూర్చునే చోట కూర్చుని, అదే ఉలితో గరిటె కాడ మీద పువ్వు చెక్కుతోంది. పొద్దుటెండ తిన్నగా ఆమె చేతుల మీద పడుతోంది. కామయ్య గడపలో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగుతున్నారు.

“నీకేం పొయ్యేకాలమే? లోపలికి రా, జనం చూస్తన్నారు!”

“చూడనీ. నా కళ్ళు మందగించినాయన్నావే, ఇన్నేళ్ళూ చీకట్లో కూర్చోబెట్టింది ఎవురు?”

సిద్ధయ్య ఆమెను వీధికి కనబడనీయకుండా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని నీడ పువ్వు మీద పడింది.

ఓబమ్మ తలెత్తలేదు.

“వెలుతురుకు అడ్డమొస్తన్నావు. జరుగు.”