రంగు కింద గీత

నేను ఒక కమాను పట్టీని, కారు కుదుపులు కాచే ఉక్కు స్ప్రింగుని. 1964 నాటి కారుకి వెనక ఎడమ చక్రం మీద, కట్టగా బిగించిన ఐదు పట్టీల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని. కొలిమిలో ఎర్రగా కాలి, నూనెలో మునిగి, విల్లులా వంగి పుట్టాను. మొదట ఒక డాక్టరును మోశాను, తర్వాత ఒక సినిమా హాలు యజమానిని. గొయ్యి చూసి బండి నడపడం ఇద్దరికీ రాలేదు. మూడో యజమాని ఫణిభూషణం గారు, రిటైరైన ఇంజనీరు. ఆయన నన్ను ప్రేమించారు. ప్రాణాల మీదికి తెచ్చింది ఆ ప్రేమే.

తెల్లవారితే పాత కార్ల యాత్ర. విజయవాడ నుంచి దోర్నాల ఘాటు మీదుగా శ్రీశైలం. అసలు భాగాలు చెక్కుచెదరని కారుకు బహుమతి. అందుకని ఆయన నాకు స్వయంగా రెండు పూతలు నల్లరంగు వేసి, కారును ఆటోనగర్‌కు తెచ్చారు. నా చివర, పిన్ను దూరే చుట్ట పక్కన, వెంట్రుకంత పగులు ఉంది. రంగు దాన్ని పూడ్చేసింది. ఘాటు మలుపులో నేను విరిగితే కారు లోయ వైపు లాగేస్తుంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నాకు నోరు లేదు.

మెకానిక్ సుభానీ అరిగిన బుష్‌లు, పిన్నులు, షాక్ అబ్జార్బర్లు, బహుమతి లెక్కలోకి రానివన్నీ ఊడదీసి కొత్తవి సిద్ధం చేశాడు. కట్ట విప్పి నన్ను బల్ల మీద పడుకోబెట్టాడు. కిరసనాయిలుతో తడిపి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులుంటే అందులో ఇంకిన కిరసనాయిలు పైకి ఊరి, సుద్ద మీద తడిగీత కనబడాలి. నేను ఎదురుచూశాను. సుద్ద పొడిగానే ఉండిపోయింది.

"చూశావా, బంగారంలా ఉంది" అన్నారు ఫణిభూషణం గారు. "బిగించెయ్."

సుభానీ స్పానరు అందుకున్నాడు. మళ్లీ కింద పెట్టాడు.

"అరవై ఏళ్ల ఇనుము సార్. ఒక్క గీత కూడా లేదంటే నాకు నమ్మకం కుదరట్లా. రంగు గీకాలి."

"రెండ్రోజులు కూర్చుని వేశానయ్యా. ఇప్పుడు గీకితే మళ్లీ వేసినా రేపటికి ఆరదు."

"అయితే వేరే షెడ్డుకి తీసుకెళ్లండి. నా చేత్తో బిగించను."

"బెదిరిస్తున్నావా?"

స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య విమలాదేవి టీ గ్లాసు దించారు. "ఎడమ పక్కన కూర్చునేది నేనండీ. నువ్వు గీకు సుభానీ. ఆయనకి రంగు ముఖ్యం, నాకు నడుం ముఖ్యం."

ఉప్పుకాగితం నా చివరిదాకా వచ్చింది. మళ్లీ కిరసనాయిలు, మళ్లీ సుద్ద. ఒక నిమిషం. రెండు. తెల్లటి పొడి మీద సన్నటి తడిగీత మెల్లగా తేలింది, నా వెడల్పులో సగందాకా.

"ఈ ఒక్క ప్రయాణానికి ఆగేదేమో" అని గొణిగారు ఫణిభూషణం గారు.

సుభానీ నన్ను వైస్‌లో బిగించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. నేను రెండయ్యాను. విమలాదేవి వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేశారు.

సాయంత్రానికి రెండు వైపులా కొత్త పట్టీలు పడ్డాయి. నా పొడుగు ముక్కను పాత ఇనుము కుప్ప మీదికి విసరబోతున్న సుభానీని ఫణిభూషణం గారు ఆపారు. తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టారు.

"బహుమతి ఎలాగూ పోయింది. ఈ బరువెందుకండీ?" అన్నారు విమలాదేవి.

"ఉండనీవే. శ్రీశైలం చూసొస్తుంది."

మర్నాడు ఘాటు రోడ్డులో ఒక్కో మలుపూ లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. ఇన్నేళ్లూ ఆ కారును నేను మోశాను. ఆ రోజు మొదటిసారి అది నన్ను మోసింది.